బండికి గుర్తింపు – బాటసారికి గోప్యత

హైదరాబాదు నుండి పడమరగా వాడీ జంక్షనుకు పోవు రైలుమార్గము 1874వ సంవత్సరమున ప్రారంభమైనది. ఆ మార్గమున వికారాబాదు బీదరు, పరళి వైపులకు దారి చీలు కూడలి. తాండూరు నాపరాతి బండలకును, కందులకును పేరుపొందిన వర్తకస్థలము. ఎడ్లబండ్లు పోయి లారీలు వచ్చినవి, బొగ్గు ఇంజన్లు పోయి విద్యుత్తు ఇంజన్లు వచ్చినవి. కాని దారిపై సాగు బండికి కావలసిన తెలివిడి మాత్రము నాటికిని నేటికిని ఒక్కటియే. ఎదుటి బండి ఎక్కడ నున్నది, ఎంత వేగమున వచ్చుచున్నది, ఆగునా ఆగదా అనునది తెలిసియుండవలెను. నిన్నటివరకు ఈ పని మనుష్యుని కంటికిని, చెవికిని, చేతిలోని జెండాకును అప్పగింపబడి యుండెను. ఇప్పుడు బండ్లే రేడియో ద్వారా ఒకదానితో నొకటి మాటలాడు కాలము వచ్చినది.

ఇంటిలో రేడియో ఉన్నవారికి, గాలిలో మాట సాగుట వింత కాదు. అయినను వారికే మొదట తోచవలసిన సందేహములు రెండు ఇందున్నవి. గాలిలో వచ్చిన మాట ఎవరు పలికినదో తెలియక దానిని ఎట్లు నమ్ముట? మన బండి పలికిన మాటను దారిపొడవున నిలిచి వినువారు మన రాకపోకలకు చిట్టా వ్రాసికొనకుండ ఎట్లు ఆపుట? మొదటిది గుర్తింపు సమస్య, రెండవది గోప్యత సమస్య. పైకి చూచిన ఈ రెండును పరస్పరవిరుద్ధములు. నమ్మవలెనన్న పేరు తెలియవలెను కదా, పేరు తెలిసిన పిమ్మట గోప్యత ఎక్కడిది అని ఎవరికైనను తోచును. కాని నమ్మకమునకు ఎల్లప్పుడును పేరు అక్కరలేదు. పేరు అడుగకయే బండిని నమ్ముటకు సాధనములున్నవి. ఆ సంగతినే ఇచట విశదీకరింప దలచితిమి.

హక్కు వేరు, పేరు వేరు

ఒంటి లైను రైలుమార్గములపై చిరకాలము వాడుకలో నుండిన టోకెను పద్ధతిని మన పెద్దలలో పలువురు చూచియుందురు. ఇరుగుపొరుగు స్టేషన్లలో రెండు ఇనుప యంత్రములు. వాటిని కలుపుచు ఒక విద్యుత్తు తీగ. అవతలి స్టేషనుమాస్టరు సమ్మతి తెలిపిన గాని ఇవతలి యంత్రము నుండి లోహపు గోళము వెలికిరాదు. ఒక గోళము వెలికివచ్చిన తరువాత, అది తిరిగి రెండు యంత్రములలో నొకదానికి చేరువరకు, దేనినుండియు రెండవ గోళము రాదు. ఆ గోళమును తోలుసంచిలో నుంచి, బెత్తపు వలయమునకు తగిలించి, ఇంజను డ్రైవరు చేతికి అందించెడివారు. గోళము చేతనున్న బండికే ఆ దారి. లేని బండి కదలరాదు.

ఈ పద్ధతిలో ఒక సూక్ష్మమున్నది. ఆ గోళముపై డ్రైవరు పేరు లేదు, ఇంజను సంఖ్య లేదు, బండిలోని ప్రయాణికుల జాబితా అంతకన్న లేదు. ఈ బండికి ఈ దారిన పోవు హక్కు కలదని మాత్రమే అది చెప్పును. ప్రమాదము తప్పుటకు అంతమాత్రము చాలును. హక్కును నిరూపించుట ఒకటి, పేరును వెల్లడించుట మరియొకటి. తరువాత చెప్పబోవు విషయమంతయు ఈ భేదముపైననే ఆధారపడియున్నది కావున దీనిని మనసునందుంచుకొన గోరుచున్నాము.

తాండూరు పట్టాలపై తొలి పరీక్ష

టోకెను పద్ధతికి రేడియోయుగపు వారసునివంటిది ‘కవచ్’ అను రైలురక్షణ విధానము. లక్నోనందలి రైల్వే పరిశోధనాసంస్థ ఆర్.డి.ఎస్.ఓ. భారతీయ పరిశ్రమలతో కలసి దీనిని రూపొందించినది. 2012లో తాండూరు దాపున, మంతట్టి–నవాంద్గి స్టేషన్ల ప్రాంతమున దీని తొలి ప్రయోగములు జరిగినవి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లపై పరీక్షలు మొదలైనవి. లింగంపల్లి–వికారాబాదు–వాడీ మార్గమును, వికారాబాదు–బీదరు మార్గమును కలిపి 250 కిలోమీటర్ల మేర దీనికి పరీక్షాక్షేత్రమైనది. 2020 జులైలో దేశమంతటికిని దీనినే రైలురక్షణ విధానముగా స్వీకరించిరి. 2022 మార్చి 4వ తేదీన వికారాబాదు మార్గమునందలి గుల్లగూడ–చిట్టిగిద్ద స్టేషన్ల నడుమ, ఒకే పట్టాలపై రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూపిరి. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉండిరి, రెండవదానిలో రైల్వే బోర్డు అధ్యక్షులుండిరి. మంత్రి ఉన్న ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరముననే తనంతట తాను నిలిచిపోయినది.

ఇది పనిచేయు తీరు సులభముగనే తెలియును. పట్టాల నడుమ అక్కడక్కడ చిన్న గుర్తుపెట్టెలు బిగించియుందురు. ఇంజను వాటిమీదుగా పోవునపుడు వాటిని చదివి, తానున్న చోటు తెలిసికొనును. తన చోటును, వేగమును, తన సంఖ్యను రేడియోపై స్టేషనుకు తెలుపును. స్టేషనులోని యంత్రము సిగ్నళ్ళ స్థితిని బట్టి, ఎంత దూరము వరకు పోవచ్చునో తిరిగి చెప్పును. డ్రైవరు ఏమరుపాటున ఎర్రదీపమును దాటబోయిన, బ్రేకులు వాటంతట అవే పడును.

ఇట్టి సంభాషణలో మోసగాడొకడు దూరి, దారి లేని చోట దారి ఉన్నదని పలికినచో ఏమగును? కావుననే ప్రతి సందేశమునకు తోడుగా, ఇంజనుకును స్టేషనుకును మాత్రమే తెలిసిన రహస్యసంఖ్యతో లెక్కించిన ఒక ముద్రను జతచేయుదురు. సందేశమున ఒక్క అంకె మారినను ముద్ర సరిపోలదు. రహస్యము తెలియనివాడు ముద్రను తయారుచేయలేడు. సరిపోలని సందేశమును యంత్రము చెవిని బెట్టదు. గుర్తింపు సమస్యకు ఇది మొదటి పరిష్కారము.

రైలుకు గోప్యత అక్కరలేదు. దాని వేళలు పట్టికలో ముద్రింపబడియున్నవి. వచ్చునది ఏ బండియో స్టేషనులో బిగ్గరగా చాటుదురు. ఇంజన్లు, పట్టాలు, స్టేషన్లు అన్నియు ఒకే సంస్థ అధీనమున నున్నవి. రైలు తన సంఖ్య చెప్పుకొన్నంత మాత్రమున ఎవరి రహస్యమును బయటపడదు. రోడ్డుపై సంగతి అట్లు కాదు.

రోడ్డుపైని అవసరము

తాండూరు, వికారాబాదు ప్రాంతముల నుండి హైదరాబాదు పోవువారికి బీజాపూరు రహదారి సుపరిచితమే. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున, తాండూరు నుండి హైదరాబాదు పోవుచున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ళ దాపున మీర్జాగూడ వద్ద కంకర నింపిన టిప్పరు ఢీకొన్నది. కంకర బస్సులోనికి దొరలి, ఇరువదిమందికి చేరువగా ప్రాణములు కోల్పోయిరి. ఒక యంత్రముండిన ఆ ఘోరము జరిగియుండెడిది కాదని చెప్పుట మా ఉద్దేశము కాదు. దారి వెడల్పు, బండి బరువు, డ్రైవరు అలసట, వేగము మొదలగు కారణములు అనేకములుండును. వాటిని సరిదిద్దుట మొదటి పని. కాని మలుపునకు అవతల నుండి వచ్చు బండిని కన్ను చూడలేదు. రేడియో చూడగలదు. ఎదుటివాడు దారి తప్పి మన వైపు వచ్చుచున్నాడని రెండు మూడు సెకండ్లు ముందు తెలిసినను కొన్నిచోట్ల ప్రాణము నిలుచును. బండ్లు పరస్పరము మాటలాడవలెనని ప్రపంచమంతట యత్నించుటకు కారణమిదియే. మనకు సమీపముననే, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదు ఆవరణమున, డ్రైవరు లేక నడచు వాహనములను పరీక్షించు ‘తిహాన్’ క్షేత్రము 2022 జులై 4న ప్రారంభమైనది.

ఇట్టి ఏర్పాటులో ప్రతి బండియు ఒక చిన్న ఆకాశవాణి కేంద్రమువంటిది. తానున్న చోటు, వేగము, పోవు దిక్కు, బ్రేకు వేసినది లేనిది – ఈ వివరములను సాధారణముగ సెకండుకు 10 మార్లు చాటును. కొన్ని వందల మీటర్ల దూరమునందలి బండ్లన్నియు వినును. తాండూరు నుండి వికారాబాదునకు ఒక గంట ప్రయాణమనుకొన్నను, ఆ గంటలో ఒక్క బండి 36,000 మార్లు తన ఉనికిని ప్రకటించినదన్నమాట. ఈ ప్రకటనను రహస్యలిపిలో పంపుటకు వీలులేదు. ముందెన్నడు ఎరుగని బండి సయితము విని తప్పుకొనవలెను కదా! కావున మాట బహిరంగము. ఇక మరుగుపరచదగినది ఒక్కటే – పలికినవాడెవరన్నది.

నమ్మకమునకు సంతకము

మొదట నమ్మకము సంగతి చూతము. రోడ్డు ప్రక్కన పొదచాటున నిలిచి, చిన్న ప్రసారయంత్రముతో లేని బండి ఉన్నట్లు చాటువాడు వెనుకవచ్చు బండ్లన్నింటిచేత బ్రేకులు వేయించి కొత్త ప్రమాదము తేగలడు. కావున రోడ్డుపైని మాటకును ముద్ర కావలెను. అయితే రైలుకు చాలిన పద్ధతి ఇచట చాలదు. ఒకే రహస్యమును లక్షల బండ్లు పంచుకొన్నయెడల, వాటిలో ఒక్కదానిని విప్పి చూచిన దొంగకు అన్నింటి రహస్యమును తెలిసిపోవును.

దీనికి ‘డిజిటల్ సంతకము’ అను ఉపాయమున్నది. ప్రతి బండికిని జంట తాళపుచెవులు ఇయ్యబడును. ఇవి లోహపు చెవులు కావు, పెద్ద సంఖ్యలు. మొదటి దానితో సంతకము చేయవచ్చును. అది బండిలోని చిన్న చిప్పులో దాగి, బయటికి రాకుండును. రెండవ దానితో ఆ సంతకమును సరిచూడవచ్చును గాని, కొత్త సంతకము చేయరాదు. కావున దానిని ఎవరికిచ్చినను హానిలేదు. ఇక ఆ రెండవ తాళపుచెవి నిజమైన బండిదియే అనుటకు హామీ ఎవరు? నమ్మదగిన సంస్థయొకటి దానిపై తన సంతకము చేసి ధ్రువపత్రముగా ఇచ్చును. సందేశము వినిన బండి మొదట పత్రమును, పిదప సంతకమును, అటుపిమ్మట అందలి వేళను, చోటును సరిచూచును. నిన్న పట్టిపెట్టిన పాత సందేశమును నేడు తిరిగి వినిపింప జూచువాడు వేళ సరిపోక పట్టుబడును. ఈ పరిశీలనమంతయు రెప్పపాటు కాలములో ముగియును.

గుర్తింపును పరీక్షింపనిచో ఏమగునో 2015లో అమెరికాలో తెలియవచ్చినది. ఇద్దరు పరిశోధకులు ఇంట కూర్చుండి, సెల్‌ఫోను నెట్‌వర్కు ద్వారా రహదారిపై పోవుచున్న జీప్ చెరోకీ కారులోనికి ప్రవేశించి, దాని వేగమును తగ్గించి చూపిరి. ఆజ్ఞ ఇచ్చుచున్నది యజమానియా, పరాయివాడా అని ఆ కారు గట్టిగా అడుగలేదు. ఆ తరువాత సుమారు 14 లక్షల వాహనములను మరమ్మతుకై వెనుకకు పిలువవలసి వచ్చినది. బండికి చెవులిచ్చుటతో సరిపోదు. ఎవరి మాట వినవలెనో నేర్పవలెను.

అనంతగిరి గుట్టపై ఆగిన కారు

నమ్మకము కుదిరినది. కాని ఇందునుండియే రెండవ కష్టము పుట్టుచున్నది. బండికి జన్మమంతయు ఒకే ధ్రువపత్రమున్నయెడల, అందు యజమాని పేరు లేకున్నను, ఆ పత్రమే ఒక పేరగును. వికారాబాదు చౌరస్తాలో ఒకటి, మన్నెగూడలో ఒకటి, చేవెళ్ళలో ఒకటి చొప్పున చవకైన రేడియో పెట్టెలను దాచినవాడు, ఏ పత్రము గల బండి ఏ వేళ ఎటు పోయెనో సులభముగ కూర్చగలడు. ప్రతిరాత్రియు ఆ బండి ఏ ఇంటి ముందు నిలుచునో చూచిన యజమాని ఎవరో తెలిసిపోవును.

తెలిసిన ఏమి నష్టమని అడుగువారుందురు. వికారాబాదు చేరువనున్న అనంతగిరి గుట్టను తలచుకొనుడు. అచట అనంతపద్మనాభస్వామి దేవాలయమున్నది. చూడముచ్చటైన అడవి ఉన్నది. క్షయరోగుల చికిత్సకు చిరకాలముగ పేరుపడిన ఆసుపత్రియు ఉన్నది. ఒక కారు ప్రతి సోమవారము గుట్టయెక్కి ఆసుపత్రి వాకిట గంటసేపు ఆగుచున్నదని ఎవడో వ్రాసిపెట్టినాడనుకొనుడు. అది పెండ్లికెదిగిన బిడ్డ ఉన్న ఇల్లు కావచ్చును, కొలువు పోవునని భయపడు మనిషి కావచ్చును. క్షయ మందుతో నయమగు వ్యాధియే; అయినను దానిపేర మన సమాజమున వెలివేతలు ఇంకను పూర్తిగ తొలగలేదు. నోరు తెరచి ఒక్క మాట చెప్పకున్నను, ఆ యింటి రహస్యమును ఆ కారు చాటినట్లయినది. రహస్యము దోషులకే అవసరమనుట సరికాదు. రోగికి, వర్తకునికి, భర్తనుండి తప్పించుకొని పుట్టింట తలదాచుకొన్న స్త్రీకి, ఓటరునకు, పత్రికావిలేఖరికి గోప్యత అవసరమే.

దినమునకు అనేక మారుపేర్లు

ఈ చిక్కును విప్పుటకు శాస్త్రజ్ఞులు ఆలోచించిన ఉపాయము, పైన మేము చెప్పిన గోళమునకు చుట్టమే. బండికి ఒక్క పత్రము గాక పత్రముల కట్ట నిత్తురు. వాటిలో దేనియందును పేరుండదు. ఇది పరీక్షింపబడిన నిజమైన బండి అని మాత్రమే ఉండును. బండి కొంతసేపు ఒక పత్రమును వాడి, దానిని విడిచి మరియొకటి తీసికొనును. వినువానికి ప్రతిమారు కొత్త బండి కనబడినట్లుండును. అమెరికాలో రూపొందించిన ఏర్పాటునందు వారమునకు సుమారు 20 పత్రములు. వారము గడచిన అవి చెల్లవు.

పత్రములిచ్చు సంస్థకైనను అన్నియు తెలియును కదా అని మీరడుగవచ్చును. ఆ సందేహమునకు సమాధానముగ పనిని పంచిరి. ఒక కార్యాలయమునకు బండి ఎవరిదో తెలియును గాని, దానికి ఏ పత్రములు ముట్టినవో తెలియదు. మరియొక కార్యాలయమునకు ఏ పత్రములు జారీచేసినదో తెలియును గాని, అవి ఏ బండికి పోయినవో తెలియదు. ఐరోపా దేశముల ప్రమాణములందును ఇట్టి విభజనయే కలదు. బ్యాంకు లాకరునకు మన చేతిలో నొక తాళపుచెవి, బ్యాంకువారి చేతిలో నొక తాళపుచెవి ఉన్నట్లు, ఇద్దరును కలసిన గాని తలుపు తెరువరాదు.

కలసి తెరువవలసిన సందర్భమును కలదు. పత్రముల కట్ట గల బండి తానొక్కటియే ఇరువది బండ్లుగా నటించి, లేని రద్దీని సృష్టింపవచ్చును. లేక యంత్రము చెడి తప్పుడు చోటు చెప్పుచుండవచ్చును. అట్టి దానిని గూర్చి ఇతర బండ్లు ఫిర్యాదులు పంపును. ఫిర్యాదులు నిజమని తేలినపుడు కార్యాలయములు తమతమ వివరములను జతపరచి, ఆ బండి పత్రములన్నింటిని రద్దుచేయును. నమ్మకము దుర్వినియోగమైనపుడే పేరు కదలును. తక్కిన వేళల అది మూతబడి యుండును.

ఈ ఏర్పాటునకు లోపములు లేకపోలేదు. అర్ధరాత్రివేళ తాండూరు దాటిన నిర్జనమార్గమున ఒక్కటియే కారు పోవుచు మారుపేరు మార్చుకొన్న ప్రయోజనమేమి? పాత పేరు మాయమైన చోటనే కొత్త పేరు పుట్టినది; వినువాడు రెండింటిని ముడివేయును. కావున పది బండ్లు గుమిగూడిన కూడలిలో, అన్నియు ఇంచుమించు ఒకేవేళ పేర్లు మార్చుకొనుట, మార్చుకొనునపుడు కొన్ని క్షణములు మౌనము వహించుట మంచిదని పరిశోధకులు చెప్పుదురు. కాని ఆ మౌనక్షణముననే ప్రమాదము సంభవింపవచ్చును. ప్రాణరక్షణకును గోప్యతకును ఇచట నిజముగనే కొంత పెనుగులాట ఉన్నది. జనసమ్మర్దముగల పట్టణమున దొరకు గోప్యత పల్లెదారులందు దొరకదనుట మనము గ్రహింపవలసిన సత్యము. ఆ కొరతను యంత్రము తీర్చలేదు. విన్న మాటలను నిలువచేయరాదను శాసనమే తీర్చవలెను.

ఎవరికి పేరు, ఎవరికి మరుగు

అన్ని బండ్లకును మరుగు కావలెనని మేము వాదించుట లేదు. పదిమందిని ఎక్కించుకొను బండి తన ఉనికిని చెప్పి తీరవలెను. అందుచేతనే 2019 జనవరి 1 నుండి కొత్తగా రిజిస్టరగు ప్రయాణికుల వాహనములకు, నియమము వర్తించు తరగతులలో, జాడ తెలుపు యంత్రమును, ఆపదలో నొక్కు మీటను విధించిరి. రాత్రివేళ ఒంటరిగ ప్రయాణించు స్త్రీకి అది రక్ష. ఆర్టీసీ బస్సు ఎక్కడున్నదో ప్రయాణికునికి తెలియుట మేలే. అంబులెన్సు నిజమైనదని ఋజువైన గాని కూడలిలో దీపము దానికి పచ్చగా మారరాదు. ఇవి రైలువంటివి, వీటికి పేరు భూషణము. ఇంటి కారు, మోటారుసైకిలు అట్టివి కావు. అవి మనిషి నీడవంటివి.

ఇప్పటికే మన బండ్లు కొంత పలుకుచున్నవి. 2021 ఫిబ్రవరి 16 నుండి టోలుగేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరియైనది. ఆ చీటీ పనిచేసిన ప్రతిమారు వేళయు చోటును నమోదగును. కూడళ్ళలోని కెమెరాలు నంబరు పలకలను చదువుచున్నవి. నంబరు పలక ఉండగా రేడియోకు మారుపేరెందుకని కొందరందురు. పలకను చదువుటకు దాని ఎదుట కన్ను గాని కెమెరా గాని ఉండవలెను. రేడియోమాటను గోడచాటుననుండి, చీకటిలో, అల్పవ్యయముతో, ఒకేమారు వందల బండ్ల నుండి వినవచ్చును. ఒక కిటికీ తెరచియున్నదని ఇంటి గోడలన్నియు పడగొట్టము కదా!

శాసనము సంగతి చూతము. గోప్యత ప్రాథమికహక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినది. ప్రభుత్వము ఆ హక్కును తగ్గింపవలెనన్న అందుకు చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ప్రయోజనమునకు మించిన జోక్యము ఉండరాదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారీగ అమలునకు వచ్చు ఏర్పాటైనది. బండ్లు మాటలాడు ఏర్పాటులో మూతబడిన పేరును ఎవరు, ఏ ఉత్తరువుతో, ఎట్టి నేరమునకై తెరువవచ్చునో ముందుగనే వ్రాసియుంచుట అవసరము. తాళపుచెవులు రెండును ఒకే చేతిలో పడినచో, ఎంత గొప్ప గణితమైనను కాగితపు కోటయే.

ఇంటివారు చేయదగిన పనులు

ఇవి పెద్దల విషయములని సామాన్యులు ఊరకుండ నక్కరలేదు. కొత్త కారు కొనునపుడు మైలేజీ ఎంత, ధర ఎంత అని అడిగినట్లే, ఈ బండి ఎవరికి ఏమి పంపును, ఎంతకాలము దాచిపెట్టుదురు, వద్దన్న ఆపుటకు వీలున్నదా అని అడుగుడు. ఫోనునుండి తలుపు తెరచు, జాడ తెలుపు కార్లను వాడువారు ఆ ఖాతా పాస్‌వర్డును పదిమందికి చెప్పరాదు.

పాత కారు కొనువారు మరింత జాగ్రత్త పడవలెను. కాగితములు మారినంత మాత్రమున బండిలోని ఖాతా మారదు. పాత యజమాని ఫోనులో ఆ కారు జాడ ఇంకను కనబడుచుండవచ్చును. కావున అమ్మువాడు తన ఫోనుపట్టికను, ఇంటిదారిని, ఖాతాను తుడిచివేయవలెను. కొనువాడు తుడిచినది లేనిది చూచుకొనవలెను. ఫాస్టాగ్‌ను పాత యజమాని మూయించవలెను, కొత్త యజమాని తన పేర కొత్తది తీసికొనవలెను. బండలు తోలు లారీల యజమానులు జాడయంత్రమును బండి కొరకు వాడుకొనవచ్చును గాని, డ్రైవరు కొలువు ముగించి ఇల్లు చేరిన తరువాత ఆతని వెంట అది పోరాదు. పని వేళ బండి యజమానిదే, విశ్రాంతివేళ మనిషిది.

మంతట్టి పట్టాలపై మొదలైన ప్రయోగము, బండ్లు రేడియోతో నిజము చెప్పి ప్రాణము కాపాడగలవని మనకు నేర్పినది. రోడ్డుపైకి వచ్చుసరికి మరియొక పాఠము చేరినది: నిజము చెప్పుటకు పేరు చెప్పనక్కరలేదు. ఈ రెండు పాఠములను కలిపి నేర్చినవారే మంచి ఏర్పాటు చేయగలరు. దారిపై మనకు ఎదురగువానిని గూర్చి మనము తెలిసికొనవలసినది అతడు ఢీకొనకుండ పోవునా అన్నంతవరకే. అతడు ఏ ఇంటివాడు, ఏ గుడికి పోవుచున్నాడు, ఏ ఆసుపత్రి నుండి వచ్చుచున్నాడు అన్నది అతని సొంతము. ఈ హద్దును నిలుపుకొను ఏర్పాటు మన దారులపైకి రావలెనని మా ఆకాంక్ష.